గాడిపొయ్యి దాకా ఎవరిని రానిస్తారు?

పెళ్లి భోజనానికి ఊరంతా వస్తుంది. బంతిలో కూర్చున్నవాళ్లను ఎవరూ లేపరు. పెరట్లో గాడిపొయ్యి దగ్గర ఏం జరుగుతోందో మాత్రం వాళ్లకు తెలియదు. పులుసులో ఉప్పు ఎక్కువైందని ఎవరు కనిపెట్టారు, దాన్ని ఎవరు సర్దారు, సర్దొద్దని ఎవరు అడ్డుపడ్డారు, ఇవన్నీ అక్కడున్న నలుగురికే ఎరుక. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విషయంలో మనం ఎక్కువగా బంతి సంగతే మాట్లాడుకుంటాం. ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం, అంటే సోర్సు కోడు దొరుకుతుందా, మార్చుకోవచ్చా, పదిమందికీ పంచొచ్చా? ఈ మూడూ లైసెన్సు తేల్చేసే ప్రశ్నలు. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ, డెబియన్, ఆండ్రాయిడ్‌కు మూలమైన ఏఓఎస్‌పీ, ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌లన్నీ ఈ పరీక్ష ప్యాసైనవే. అయినా ‘మాదే అసలైన ఓపెన్’ అని వీటి మనుషులు ముప్పయ్యేళ్లుగా కొట్టుకుంటూనే ఉన్నారు.

ఆ కొట్లాట పొయ్యి దగ్గరిది. కోడు రాస్తున్నప్పుడు బయటివాడు చూడొచ్చా? ఒక మాట చెప్పొచ్చా? గరిటె పట్టుకోవచ్చా? ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చేదెవరు? ఏ లైసెన్సులోనూ వీటికి జవాబు ఉండదు. జీపీఎల్ లాంటి గట్టి లైసెన్సు కూడా ప్రోగ్రామ్ ఒకరి చేతికిచ్చినప్పుడు దాని కోడు కూడా ఇమ్మంటుందే తప్ప, రాస్తున్నంతసేపూ తలుపు తీసి ఉంచమనదు.

అందుకని ఎవరైనా మా సిస్టమ్ ఓపెన్ అన్నప్పుడు నేను రెండు సంగతులు చూస్తాను. లోపల ఒక మార్పు రాశాక అది బయటివాడి కంట పడడానికి ఎంతసేపు పడుతోంది? ‘ఇది వద్దు’ అన్నప్పుడు ఎందుకు వద్దన్నారో కనిపిస్తోందా? ఈ రెంటికీ వేర్వేరు ప్రాజెక్టులు ఇచ్చే జవాబులు చూస్తే కొన్నిచోట్ల నవ్వొస్తుంది, కొన్నిచోట్ల భయం వేస్తుంది.

బయటికి గెంటేసిన మనిషి

1993లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న బర్క్‌లీ యూనిక్స్ (బీఎస్‌డీ) వారసత్వం నుంచి రెండు స్వేచ్ఛా సిస్టమ్‌లు పుట్టాయి. ఒకటి నెట్‌బీఎస్‌డీ, రెండోది ఫ్రీబీఎస్‌డీ. నెట్‌బీఎస్‌డీని మొదలుపెట్టిన నలుగురిలో కెనడాలోని కాల్గరీలో ఉండే థియో డి రాట్ ఒకడు. 1994 డిసెంబరులో మిగిలినవాళ్లు ఆయన్ను తప్పుకోమన్నారు. వాడకందార్లతో, తోటి డెవలపర్లతో ఆయన మాటతీరు బాగాలేదన్నది వాళ్ల ఫిర్యాదు. అదే రోజుల్లో సోర్సు రిపాజిటరీలోకి ఆయనకున్న ప్రవేశం కూడా తీసేశారు.

ఈ ప్రవేశం పోవడమంటే ఏమిటో కాస్త విడమరచాలి. కోడు ఆయనకు దొరక్కుండా పోలేదు. అందరికీ దొరికే ఫైళ్లు ఆయనకూ దొరుకుతాయి. పోయిందల్లా రిపాజిటరీ. అంటే ఏ వరుసను ఎవరు, ఏ రోజున, ఏ కారణం రాసి మార్చారో చెప్పే చరిత్ర మొత్తం. ఆ కాలంలో దాదాపు ఏ ప్రాజెక్టులోనైనా ఇదే పద్ధతి. చరిత్ర లోపలివాళ్లది, ఫైళ్లు అందరివీ. అప్పటిదాకా లోపల కూర్చున్న మనిషి రాత్రికి రాత్రి బయట నిలబడి చూస్తే గానీ ఆ తేడా ఎంత పెద్దదో తెలిసిరాలేదు. స్పార్క్ అనే ప్రాసెసర్ వాడే యంత్రాల కోసం తాను చేస్తున్న పని కొనసాగించడానికి కూడా ఆయనకు దారి లేకుండా పోయింది. నెలల తరబడి ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి, తెగలేదు. 1995 అక్టోబరులో ఆయన వేరుకుంపటి పెట్టాడు. దాని పేరే ఓపెన్‌బీఎస్‌డీ.

వేరుకుంపటి పెట్టాక చేసిన తొలి పనుల్లో ఒకటి, చక్ క్రేనర్‌తో కలిసి రిపాజిటరీని జనానికి తెరవడం. అప్పట్లో కోడు చరిత్రను దాచే సాధనం సీవీఎస్. అందులోకి పాస్‌వర్డు లేకుండా, పేరు చెప్పకుండా ఎవరైనా వచ్చి చదువుకునే ఏర్పాటు చేశారు. రాయడానికి మాత్రం అనుమతి కావాలి. దీన్ని అనానిమస్ సీవీఎస్ అన్నారు. ఈరోజు ఎవరో గిట్ అనే నేటి సాధనంతో ఒక రిపాజిటరీని క్లోన్ చేసుకున్నప్పుడు, అంటే నకలు దించుకున్నప్పుడు, అందులో ఇరవై ఏళ్ల చరిత్ర దానంతటదే వచ్చేస్తే మనకేమీ వింతగా ఉండదు. ఆ అలవాటు ఇలాంటి చోట మొదలైంది. ఓపెన్‌బీఎస్‌డీ పేరులోని ‘ఓపెన్’ లైసెన్సు గురించి కాదు. నెట్‌బీఎస్‌డీ లైసెన్సూ అంతే ఉదారమైనది. అది తెరిచిన రిపాజిటరీ గురించి పెట్టిన పేరు.

నేను మొదట అడిగిన ప్రశ్నకు ఇక్కడ జవాబు దాదాపు సున్నా. డెవలపర్ మార్పు ఎక్కించిన నిమిషాల్లోనే అది బయటివాడికి కనిపిస్తుంది. ప్రతి మార్పుకూ ఒక మెయిల్ కూడా వెళుతుంది. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డాక వీళ్లు, ఆ లోపం ఉన్న ఓపెన్‌ఎస్ఎస్ఎల్ (నెట్‌లో సమాచారాన్ని రహస్యలిపిలోకి మార్చే లైబ్రరీ) కోడును ముందేసుకుని లిబ్రెఎస్ఎస్ఎల్ అనే చీలికను మొదలుపెట్టినప్పుడు, ఒక్కో చెత్త వరుసను పీకేస్తూ వాళ్లు రాసిన వెటకారపు వ్యాఖ్యలను జనం సీరియల్ చూసినట్టు రోజూ చదివారు.

మరి నిర్ణయాలు? అక్కడ కథ మారిపోతుంది. ఓపెన్‌బీఎస్‌డీలో ఎన్నికలు లేవు, రాజ్యాంగం లేదు. ఒకరు రాసిన మార్పుకు ఇంకో డెవలపర్ ‘ఓకే’ చెబితే అది లోపలికి వెళుతుంది. తగాదా వస్తే చివరి మాట థియోది. డెవలపర్లు తమలో తాము మాట్లాడుకునే లిస్టు, చాట్ వేరే ఉన్నాయి. అవి బయటికి కనిపించవు. ఏటా వాళ్లు ఒకచోట చేరి రాత్రింబవళ్లు కోడు రాసే హ్యాకథాన్‌లకు పిలుపు అందినవాళ్లే వెళ్లాలి. అసలు హ్యాకథాన్ అన్న మాట పుట్టిందే 1999లో వాళ్లు కాల్గరీలో పెట్టుకున్న అలాంటి సమావేశంలో. అంటే చూడ్డానికి ఇంతకంటే బాహాటంగా ఇంకేదీ ఉండదు, నిర్ణయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంటిపెద్ద మాటే. ఇందులో వాళ్లు దాచిందీ ఏమీ లేదు. మా కోసం మేం రాసుకుంటున్నాం, నచ్చితే వాడుకోండి అని మొహం మీదే చెబుతారు. నాకైతే ఈ నిక్కచ్చితనం కొన్ని కంపెనీలు వాడే ‘కమ్యూనిటీ’ అన్న మాటకంటే ఎంతో నయం అనిపిస్తుంది.

సంతలో పోయిన ప్యాచ్‌లు

లినక్స్ పేరు చెప్పగానే అందరికీ సంత గుర్తొస్తుంది. ఎవరైనా రావచ్చు, ఎవరైనా అరవొచ్చు. 1991 ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ తాను హాబీగా రాస్తున్న ఈ సిస్టమ్ గురించి ప్రకటించిన రోజు నుంచీ అది బయలు ప్రదేశమే. కానీ మనం మరిచిపోయే సంగతి ఒకటుంది. మొదటి పదేళ్లూ లినక్స్ కెర్నల్‌కు, అంటే సిస్టమ్ గుండెకాయలాంటి భాగానికి, రిపాజిటరీయే లేదు. జనం ప్యాచ్‌లు, అంటే ఏ వరుసలు ఎలా మార్చాలో చెప్పే చిన్న ఫైళ్లు, మెయిల్‌లో పంపేవాళ్లు. లైనస్ నచ్చినవి కలుపుకొని, మొత్తాన్ని మూటగట్టి కొత్త వెర్షన్‌గా వదిలేవాడు. పంపిన ప్యాచ్ తీసుకున్నాడో లేదో తెలియాలంటే తర్వాతి మూట విప్పి చూసుకోవాలి. లేకపోతే మళ్లీ పంపాలి. మళ్లీ లేకపోతే మళ్లీ. నచ్చక వదిలేశాడా, మెయిళ్ల వరదలో కొట్టుకుపోయిందా అన్నది ఎవరికీ అర్థమయ్యేది కాదు. 2002 ప్రాంతంలో ఈ విషయం మీద పెద్ద రగడే జరిగింది. మాటలన్నీ బహిరంగంగా నడిచే చోట ‘వద్దు’ అన్న మాట మాత్రం మౌనంగా వచ్చేది. తిట్టినా బావుండు, కనీసం చదివాడని తెలిసేది అనుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

2002లో లైనస్ కోడు చరిత్రను దాచే బిట్‌కీపర్ అనే సాధనానికి మారాడు. అది ఒక కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్. కెర్నల్ డెవలపర్లకు ఉచితంగా ఇచ్చారు గానీ షరతులు పెట్టారు. ప్రపంచంలోకెల్లా పేరున్న స్వేచ్ఛా కెర్నల్ చరిత్ర, స్వేచ్ఛ లేని పెట్టెలో చేరింది. ఆ షరతులకు ఒప్పుకోనివాళ్లకు చరిత్ర పూర్తిగా అందేది కాదు. 2005లో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ప్రోగ్రామర్ ఆ పెట్టె మాట్లాడే భాషను విప్పి చూసే ప్రయత్నం చేశాడు. కంపెనీకి కోపమొచ్చి ఉచిత లైసెన్సు వెనక్కి తీసుకుంది. ఆ ఏప్రిల్‌లోనే లైనస్ కూర్చుని గిట్ రాశాడు. ఈరోజు ప్రపంచమంతా వాడే గిట్ ఒక మూసిన తలుపు దగ్గర పడిన తగువులోంచి పుట్టిందన్నమాట.

గిట్ వచ్చాక లినక్స్ నడిచే తీరు ఇలా ఉంది. నెట్‌వర్కింగ్, మెమరీ, ఫైల్ సిస్టమ్ అంటూ ఒక్కో భాగానికి ఒక్కో మెయింటెయినర్ ఉంటాడు. ఎవరు దేనికి పెద్దో మెయింటెయినర్స్ అనే ఫైలులో రాసి ఉంటుంది. మీ ప్యాచ్ ఆ మెయింటెయినర్‌కూ సంబంధిత లిస్టుకూ మెయిల్ చేయాలి. ఆయనకు నచ్చితే తన చెట్టులో, అంటే తన దగ్గరున్న కోడు ప్రతిలో, కలుపుకుంటాడు. కొత్త వెర్షన్ వచ్చిన వెంటనే రెండు వారాల పాటు తెరుచుకునే మెర్జ్ విండోలో ఆ చెట్లన్నీ లైనస్ చెట్టులోకి చేరతాయి. తొమ్మిది పది వారాలకోసారి విడుదల. ఒక్కో విడుదలలో దాదాపు 2,000 మంది రాసిన పది వేలకు పైగా మార్పులు ఉంటాయి. ప్రతి మార్పు కిందా ‘ఇది ఇచ్చే హక్కు నాకుంది’ అని సంతకం పెట్టాలి. ఎస్‌సీఓ అనే కంపెనీ లినక్స్‌లో తన కోడు ఉందంటూ 2003లో కోర్టుకెక్కాక 2004లో తెచ్చిన ఏర్పాటు ఇది.

గడప దాటడం అంత తేలికా అంటే కాదు. మొదటిసారి ప్యాచ్ పంపేవాడికి తప్పక తగిలే రాయి మెయిలే. ఒక ప్రాజెక్టుకు నేను పంపిన మొట్టమొదటి ప్యాచ్‌లో ట్యాబ్‌లన్నిటినీ నా మెయిల్ ప్రోగ్రామ్ స్పేస్‌లుగా మార్చేసింది. జవాబు ఒక్క వాక్యంలో వచ్చింది, ఈ ప్యాచ్ అతకడం లేదు అని. కోడు గురించి ఒక్క మాట లేదు. మూడు రోజులు ఆలోచించి రాసిన కోడు అది. తలుపు తెరిచే ఉంది, గడపే మోకాలెత్తు.

లినక్స్‌లో ఇప్పుడు ‘వద్దు’ అంటే మాత్రం ఊరంతా వినాల్సిందే. 2018 సెప్టెంబరు దాకా ఆ వినడం మరీ ఘాటుగా ఉండేది. ఆ నెలలో లైనస్ తన మాటతీరుకు క్షమాపణ చెప్పి కొన్నాళ్లు సెలవు తీసుకున్నాడు, ప్రవర్తనా నియమావళి వచ్చింది. 2024 జనవరిలో వచ్చిన 6.7 వెర్షన్‌లో బీక్యాష్ఎఫ్ఎస్ అనే కొత్త ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే భాగం) చేరింది. దాన్ని రాసినాయనకూ లైనస్‌కూ ఏ మార్పులు ఎప్పుడు పంపాలన్న దాని మీద ప్రతి విడుదలకూ పేచీయే. 2025లో దాన్ని కెర్నల్ నుంచి తీసేశారు. ఎవరిది తప్పో మీరు ఎలాగైనా అనుకోండి, రెండువైపుల వాదనా అక్షరం పొల్లుపోకుండా చదివి అనుకోవచ్చు.

అయితే అదే లిస్టులో ఇంకోటి కూడా జరిగింది. 2024 అక్టోబరులో మెయింటెయినర్స్ ఫైలు నుంచి రష్యాతో ముడిపడిన పదిమందికి పైగా పేర్లు తొలగిపోయాయి. ప్యాచ్ అందరికీ కనిపించింది. పక్కన రాసిన కారణం మాత్రం నిబంధనల పాటింపు కోసం అన్న ముక్తసరి మాట. ఏ నిబంధన, ఎవరి సలహా, తిరిగి రావాలంటే ఏం చూపించాలి అని అడిగినవాళ్లకు మొదట్లో సరైన జవాబు రాలేదు. ఆంక్షలు, లాయర్లు అన్న మాటలు తర్వాత వచ్చాయి. ఏం చేశారన్నది క్షణాల్లో బయటపడింది, ఎందుకు చేశారన్నది లాయర్ల గదిలోనే ఉండిపోయింది. ఇన్నాళ్లూ లినక్స్ ఏ దేశానిదీ కాదనుకున్నవాళ్లకు అది గట్టి దెబ్బే.

ఓట్లు వేసేవాళ్లు

ఫ్రీబీఎస్‌డీ వేరే దారి పట్టింది. అక్కడ రిపాజిటరీలో నేరుగా రాసే హక్కును కమిట్ బిట్ అంటారు. అది దొరికినవాడికి మొదట ఒక మెంటర్‌ను జతచేస్తారు. ఆ హక్కున్నవాళ్లంతా రెండేళ్లకోసారి తొమ్మిదిమందిని కోర్ టీమ్‌కు ఎన్నుకుంటారు. 2000 నుంచి ఇదే పద్ధతి. లినక్స్‌లో లైనస్ చెట్టులో రాసేది లైనస్ ఒక్కడే, ఇక్కడ వందలమంది ఒకే చెట్టులో రాస్తారు. హక్కు ఇవ్వడంలోనే నమ్మకమంతా ఉంది. ఇచ్చాక రోజువారీ కాపలా తక్కువ.

ఆ తక్కువ కాపలా 2021లో బయటపడింది. వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌ను కెర్నల్‌లోకి తేవడానికి ఒక కంపెనీ డబ్బిచ్చి రాయించిన కోడు, పెద్దగా ఎవరూ తరచి చూడకుండానే చెట్టులో చేరిపోయింది. 13.0 విడుదల దగ్గర పడ్డాక వైర్‌గార్డ్ సృష్టికర్త జేసన్ డోనెన్‌ఫెల్డ్ చూసి హడలిపోయాడు. మరో ఇద్దరితో కలిసి వారం రోజుల్లో చాలాభాగం తిరగరాశాడు. చివరికి 13.0 నుంచి దాన్ని పూర్తిగా తీసేశారు. ఆ కోడు నెలల తరబడి అందరి కళ్లముందే ఉంది. చూడనివ్వడం ప్రాజెక్టు చేతిలో ఉంటుంది గానీ చూసేవాళ్లను ఎక్కణ్నుంచి తేవాలి?

లినక్స్ కెర్నల్‌కు వేల ప్రోగ్రామ్‌లు జతచేసి పంచే డెబియన్‌ది ఇంకా పెద్ద వ్యవస్థ. 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టాడు. 1997లో సామాజిక ఒప్పందం రాసుకున్నారు. అందులో ఒక వాగ్దానం: సమస్యలను దాచం. బగ్‌ల పట్టిక ఎప్పుడూ జనం కళ్లముందే ఉంటుంది. బగ్ చెప్పాలంటే ఖాతా తెరవక్కర్లేదు, ఒక మెయిల్ రాస్తే చాలు. రాజ్యాంగం ఉంది, ఏటా నాయకుడి ఎన్నిక ఉంది, పెద్ద తగాదా వస్తే డెవలపర్లంతా ఓటేస్తారు. 2014లో, కంప్యూటరు లేవగానే మిగతా ప్రోగ్రామ్‌లను నడిపించే సిస్టమ్‌డీని తేవాలా వద్దా అన్న గొడవ సాంకేతిక కమిటీలో సగం సగంగా చీలి, అధ్యక్షుడి ఓటుతో తేలింది. ఓడినవాళ్లలో కొందరు డెవువాన్ అని వేరుపడ్డారు. ఇంత రాజ్యాంగం ఉన్న చోట కూడా డెబియన్-ప్రైవేట్ అని డెవలపర్లకు మాత్రమే కనిపించే ఒక లిస్టు ఉంది. అందులోని పాత మెయిళ్లను కొంతకాలం తర్వాత బయటపెట్టాలా అని 2005లో ఓటింగు పెట్టుకున్నారు కూడా. తలుపు వేసిన గది గురించి తలుపులు తీసి చర్చించుకున్నారని నవ్వుకోవచ్చు. నాకది గౌరవంగానే కనిపిస్తుంది.

డెబియన్ చరిత్రలో మరిచిపోలేని పొరపాటు 2006లో జరిగింది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో రెండు వరుసల మీద వాల్‌గ్రైండ్ అనే తనిఖీ సాధనం ఫిర్యాదు చేస్తోందని ఆ వరుసలు తీసేశారు. తీసేముందు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లిస్టులో అడిగారు కూడా. ఆ వరుసలు పోవడంతో, యాదృచ్ఛికంగా ఉండాల్సిన రహస్య తాళాలకు ఆధారంగా మిగిలింది ప్రాసెస్ నంబరు ఒక్కటే. అంటే ఒక రకం కంప్యూటరు మీద, ఒక సైజు తాళానికి మొత్తం 32,768 రకాలే సాధ్యం. అన్నీ తయారుచేసి పెట్టుకుంటే ఎవరి తాళమైనా తీసేయొచ్చు. 2008 మేలో లూసియానో బెల్లో కనిపెట్టేదాకా అది అలాగే ఉంది. అడిగిన ప్రశ్న, చేసిన మార్పు, తేడా చూపే ఫైలు, అన్నీ ఇరవై నెలలు బహిరంగంగానే ఉన్నాయి.

కంపెనీల ఇళ్లలో

కంపెనీ నడిపే సిస్టమ్‌లలో ఆలస్యమే అసలు సమస్య. ఉబుంటును నడిపే కెనానికల్, తెర మీద బొమ్మను నడిపే మిర్ అనే డిస్‌ప్లే సర్వరును గుట్టుగా తయారుచేసి 2013 మార్చిలో ప్రకటించింది. అప్పటికే అందరూ కలిసి అదే పని చేసే వేలాండ్ మీద పనిచేస్తున్నారు. కోడు స్వేచ్ఛగానే ఇచ్చారు, అయినా ముందే ఎందుకు చెప్పలేదన్న కోపం చల్లారలేదు. 2017లో ఉబుంటు డెస్క్‌టాప్ దాన్ని వదులుకుంది. తెర మీది కిటికీల బటన్లను ఎడమవైపుకు మార్చిన 2010లోనే కెనానికల్ స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ ఇక్కడ డిజైన్ నిర్ణయాలకు ఓటింగు ఉండదని తేల్చి చెప్పేశాడు.

లినక్స్‌ను కంపెనీలకు అమ్మే రెడ్ హ్యాట్ సంగతి తలకిందులు. ఒకప్పుడు రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ లోపల తయారయ్యేది, వచ్చాక దాని కోడు తీసుకుని సెంటాస్ వాళ్లు అచ్చం అలాంటిదే కట్టి ఉచితంగా పంచేవాళ్లు. 2020 డిసెంబరులో ఆ సెంటాస్‌ను ఆపేస్తామని, సెంటాస్ స్ట్రీమ్ ఒక్కటే ఉంటుందని ప్రకటించారు. స్ట్రీమ్ అంటే రాబోయే రెడ్ హ్యాట్ వెర్షన్ తయారవుతున్న చోటు. ఎవరైనా చూడొచ్చు, మార్పు పంపొచ్చు. 2023 జూన్‌లో, విడుదలైన వెర్షన్‌ల కోడు ఇక కస్టమర్లకే అన్నారు. ఆ కోడును పంచే కస్టమర్‌తో ఒప్పందం తెంచుకునే వీలు కూడా పెట్టుకున్నారు. మన పెళ్లింటి భాషలో చెప్పాలంటే, పొయ్యి దగ్గరికి అందరినీ రానిచ్చి విస్తరి మాత్రం చీటీ ఉన్నవాళ్లకే వేశారు. అభివృద్ధి ఇదివరకటికంటే బహిరంగమైంది, ఇది నిజం. జనానికి మండింది, అదీ నిజమే. సెంటాస్ ఖాళీని నింపడానికి పుట్టిన రెంటిలో ఆల్మాలినక్స్ అచ్చు నకలు పట్టుదల వదులుకుంది, రాకీ లినక్స్ వేరే దారుల్లో కోడు సంపాదించుకుంటోంది.

ఆండ్రాయిడ్‌లో పొయ్యి ఎప్పుడూ లోపలే. వండడం పూర్తయ్యాకే గూగుల్ కోడు బయటపెడుతుంది. 2011లో ట్యాబ్లెట్ల కోసం తెచ్చిన హనీకోంబ్ కోడునైతే నెలల తరబడి ఇవ్వనే లేదు, తర్వాతి వెర్షన్‌తో కలిపి ఆ నవంబరులో ఇచ్చింది. కొన్ని చిన్న భాగాలు మాత్రం ఏఓఎస్‌పీలో బాహాటంగా తయారయ్యేవి. 2025 మార్చిలో ఆ కాస్తా కూడా లోపలి శాఖకు మార్చేస్తున్నామంది. రెండు శాఖలను కలపడం తలనొప్పిగా ఉందన్నది కారణం. ఒప్పందమున్న ఫోన్ కంపెనీలు లోపలి శాఖను చూడగలవు. మీరూ నేనూ వడ్డించేదాకా ఆగాలి. లైసెన్సులో ఒక్క అక్షరం మారలేదు.

ఇంతకంటే అన్యాయమైన ముగింపు ఓపెన్‌సొలారిస్‌ది. 2005లో సన్ కంపెనీ తన సొలారిస్ సిస్టమ్ కోడు తెరిచింది. బయటివాడి మార్పు లోపలికి వెళ్లాలంటే పూచీ పడే స్పాన్సర్ ఒకరు ఉండాలి, వాళ్లు ఎక్కువగా సన్ ఉద్యోగులే. 2010లో ఒరాకిల్ సన్‌ను కొనేసింది. ఆ ఆగస్టులో, ఇక రోజువారీ కోడు బయటికి రాదన్న లోపలి మెమో పొక్కింది. ఎన్నికైన పాలక మండలి తనను తానే రద్దు చేసుకుంది. మిగిలిన కోడుతో ఇల్యూమోస్ అనే చీలిక బతికింది, అందులోని ఫైల్ సిస్టమ్ జెడ్ఎఫ్ఎస్ ఇతర సిస్టమ్‌లకు చేరింది. ఇవన్నీ లైసెన్సు పుణ్యం.

తలుపు వేయక తప్పని గది

ఎంత బహిరంగమైన ప్రాజెక్టుకైనా ఒక గదికి గడియ ఉంటుంది. భద్రతా లోపాల గది అది. తాళం పగిలిందని మందు రాకముందే చాటింపు వేస్తే దొంగలే ముందొస్తారు. డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్ పంపిణీదార్లు కలిసి వాడే రహస్య లిస్టులో ఏ లోపాన్నైనా గరిష్ఠంగా 14 రోజులే దాచాలన్న నియమం ఉంది. అడ్డుగోడ ఉంది, దానికి గడువూ ఉంది.

పెద్ద కంపెనీలు దిగితే ఆ గడువులు గాలికి పోతాయి. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు 2017లో కొన్ని కంపెనీలకు నెలల ముందే తెలుసు. ఆ ఏడాది చివర్లో లినక్స్‌లోకి మెమరీ పేజీల పట్టికలను విడదీసే ప్యాచ్‌లు ఎన్నడూ లేని తొందరతో వచ్చి పడ్డాయి. ప్యాచ్‌లు బహిరంగం, అసలు కారణం రహస్యం. చదివేవాళ్లు ఊరుకుంటారా? ఇంత బరువైన మార్పు ఇంత హడావిడిగా ఎందుకని లెక్కలు వేశారు. జనవరి 9న చెప్పాలనుకున్నది 2018 జనవరి 3నే చెప్పేయాల్సి వచ్చింది. ఫ్రీబీఎస్‌డీకి డిసెంబరు ఆఖర్లో కబురందింది. ఓపెన్‌బీఎస్‌డీకి అసలు కబురే లేదు.

దానికి కొద్ది నెలల ముందు క్రాక్ అనే వైఫై లోపం వచ్చింది. కనిపెట్టిన మాథీ వాన్‌హూఫ్ ఓపెన్‌బీఎస్‌డీకి ముందే చెప్పాడు. రహస్యం గడువు పెరుగుతూ పోయేసరికి, వాళ్లు ఆయన ఒప్పుకోలుతోనే ఆగస్టు ఆఖర్లో చడీచప్పుడు లేకుండా సరిచేసేశారు. లోకానికి తెలిసింది అక్టోబరు 16న. ఆ తెరిచిన రిపాజిటరీలో మార్పు కనిపించిపోతుంది కదా, గడువుకు ముందే ఇతరులు పసిగడతారు కదా అని ఆయన తర్వాత నొచ్చుకున్నాడు. ఇకమీదట వాళ్లకు ఆఖర్లో చెబుతానన్నాడు. పూర్తిగా తెరిచి ఉంచినందుకు కట్టే మూల్యం ఇది. ఏదీ దాచలేని ఇంటికి రహస్యాలు ఎవరూ చెప్పరు.

ఇక 2024 మార్చి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్, మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఆండ్రెస్ ఫ్రాయిండ్, డెబియన్ తాజా శాఖ మీద ఏవో వేగపరీక్షలు చేసుకుంటున్నాడు. దూరంలోని కంప్యూటరులోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎక్కువ తీసుకుంటోంది. అర సెకనే. వదిలేయలేదు, తవ్వాడు. తవ్వగా ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీలో దొంగదారి దొరికింది. జియా టాన్ అన్న పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఓపిగ్గా ప్యాచ్‌లు పంపి, అలసిపోయిన అసలు మెయింటెయినర్ నమ్మకం సంపాదించి, తాళంచెవి చేజిక్కించుకున్నారు. అంతా నియమాల ప్రకారమే, అంతా బహిరంగంగానే. విషం మాత్రం పరీక్షల కోసం పెట్టిన అర్థంకాని ఫైళ్లలో దాచారు. దాన్ని నిద్రలేపే చిన్న స్క్రిప్టు గిట్‌లో లేదు. విడుదల కోసం కట్టిన మూటలో మాత్రమే ఉంది. రిపాజిటరీని ఎంత శ్రద్ధగా చదివినా కనిపించదు, పంపిణీదార్లు కట్టేది మాత్రం ఆ మూట నుంచే. లినక్స్ తొలి పదేళ్ల మూటల కాలం నుంచి ఇన్ని సాధనాలు వచ్చాయి, మోసం మళ్లీ మూట దగ్గరే జరిగింది.

ఫ్రాయిండ్ దీన్ని మొదట డెబియన్ భద్రతా బృందానికి, తర్వాత పంపిణీదార్ల రహస్య లిస్టుకు చెప్పి, మార్చి 29న అందరి ముందూ పెట్టాడు. మామూలుగా బగ్ కనబడితే ముందుగా చెప్పాల్సింది అసలు ప్రాజెక్టుకే. ఆయన అక్కడ చెప్పలేదు. ఆ తలుపు తట్టితే తీసేది ఎవరో అప్పటికే ఆయనకు అర్థమైంది.